విదేశాల్లో ఉన్నవారి ఇక్కడి మొబైల్ నెంబరు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఉద్యోగానికో చదువుకో విదేశాలకు వెళ్లినవారు ఇక్కడి మొబైల్ నెంబరును ఎలా కాపాడుకోవాలన్నది నేటి అంశం. టెలికాం రంగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఇంజినీరు గారు మనతో ఉన్నారు. మొదటి శ్రోత జగిత్యాల జిల్లా నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్కారం సార్. మా అబ్బాయి రియాద్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. పది నెలల కిందట వెళ్లినప్పుడు మన సిమ్ తీసి పర్సులో పెట్టుకుని, అక్కడి సిమ్ వేసుకున్నాడు. అదే నెలలో మా అమ్మాయి పెళ్లి కుదిరింది, ఆ పనుల్లో పడి పాత నెంబరు సంగతి ఎవరమూ పట్టించుకోలేదు. ఇంటి అప్పు కిస్తీ వాడి ఖాతాలోంచే పోతుంది. మొన్న మా కోడలు బ్యాంకుకు వెళ్తే, ఏం మార్చాలన్నా ఓటీపీ ఆ నెంబరుకే వెళ్తుందన్నారు. ఆ సిమ్ వేసి చూస్తే నెట్‌వర్కే రావడం లేదట.

నిపుణుడు: చివరిసారి రీఛార్జి ఎప్పుడు చేయించారు?

శ్రోత: వెళ్లే ముందు 28 రోజులది వేయించాడు. ఇప్పుడు ఇక్కడి దుకాణంలో నేను వేయిస్తే మళ్లీ పనిచేస్తుందా సార్?

నిపుణుడు: పనిచేయదు. ప్రీపెయిడ్ నెంబరును వరుసగా 90 రోజులు వాడకపోతే, అందులో కనీసం 20 రూపాయల నిల్వ కూడా లేకపోతే, కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. ఆపేశాక తిరిగి పొందడానికి 15 రోజుల గడువు ఉంటుంది, అదీ మీకు దాటిపోయింది. మరొక మాట అందరూ వినాలి: మనకు వచ్చే ఎస్సెమ్మెస్ వాడకం కింద లెక్కకు రాదు. ఓటీపీలు వస్తున్నాయి కదా అని ఊరుకోకుండా, మధ్యమధ్య ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపాలి.

శ్రోత: పోనీ, ఏడాదిది పెద్ద మొత్తం వేయిస్తే?

నిపుణుడు: అయ్యా, మూసేసిన నెంబరుకు ఎంత వేయించినా తెరుచుకోదని ఇప్పుడే చెప్పాను. (కాసేపు ఆగి) మీ ఆందోళన నాకు అర్థమైంది. ఖాతాలో డబ్బు ఉన్నంతవరకు కిస్తీ దానంతటదే పోతుంది, దానికి ఓటీపీ అక్కరలేదు. అసలు భయం వేరే ఉంది. ఆపేసిన నెంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదన్నది నియమం, ఆ తర్వాత కొత్తవారికి ఇవ్వవచ్చు. ముందు ఆ నెంబరుకు ఒకసారి ఫోన్ చేసి చూడండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. విజయవాడ నుంచి విద్యార్థి.

శ్రోత: వచ్చే నెల ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తున్నాను. అక్కడ ఐఫోన్ కొనుక్కోవాలనుకుంటున్నాను, ఇక్కడి సిమ్ అందులో వేసుకోవచ్చా?

నిపుణుడు: వేయడానికి చోటే ఉండదు బాబూ. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే మోడళ్లలో సిమ్ పెట్టే అర తీసేశారు. ఈ-సిమ్‌గా, అంటే విడిగా చిప్ లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్‌గా మార్చుకోవాలి, ఆ మార్పిడికి సందేశాలు నీ సిమ్‌కే వస్తాయి గనుక, ఆ పని ఇక్కడ ఉండగానే పూర్తిచేసుకో. లేదంటే ఇప్పుడున్న ఫోన్‌నే రెండు సిమ్‌లతో తీసుకువెళ్లు. కంపెనీ యాప్‌లో అంతర్జాతీయ రోమింగ్, అంటే విదేశంలోనూ ఈ సిమ్ పనిచేసే వీలు, ఆన్ చేసుకో. కానీ విమానం ఎక్కేముందే డేటా రోమింగ్, అంటే అక్కడ ఈ సిమ్ మీద ఇంటర్నెట్ వాడకం, ఆపేయి.

వ్యాఖ్యాత: కువైట్ నుంచి ఒక సోదరి, రాయచోటి వారు.

శ్రోత: నా ఇండియా సిమ్‌కు ఇక్కడ ఫోన్ వస్తే ఎత్తవచ్చా సార్? పోయినసారి ఎత్తితే...

నిపుణుడు: ఎత్తకండి అమ్మా. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ రావడానికి సాధారణంగా ఖర్చు ఉండదు, కానీ ఎత్తిన ఫోన్‌కు నిమిషాల లెక్కన డబ్బు పడుతుంది. డేటా రోమింగ్ ఆపేయండి.

వ్యాఖ్యాత: లైన్ తెగిపోయింది. హైదరాబాద్ నుంచి తరువాతి శ్రోత.

శ్రోత: మా అమ్మాయి సిమ్ నా దగ్గరే ఉంచుకుని, ఓటీపీ వస్తే వాట్సాప్‌లో పంపుతున్నాను. ‘రెండు గంటల్లో ఈ నెంబరు ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి’ అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో ఫోన్ వచ్చింది.

నిపుణుడు: నొక్కకండి. ట్రాయ్ ఎవరికీ అలా ఫోన్ చేయదు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి చెప్పండి. ఆ సిమ్‌ను మీ అమ్మాయికే పంపించి, ఏడాదికి సరిపడే ప్లాన్ వేయించండి. డేటా అక్కరలేనివారికి కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉన్న ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది, అవి మీకు చాలు.

వ్యాఖ్యాత: జగిత్యాల వారు మళ్లీ లైన్‌లో ఉన్నారు.

శ్రోత: సార్, ఆ నెంబరుకు ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. రెండు నెలల కిందట కొన్నదట.

నిపుణుడు: అయితే మీవాడి ఓటీపీలు ఇప్పుడు ఆమె ఫోన్‌కు వెళ్తున్నాయి. ఆమె తప్పేమీ లేదు, ఆమెను నిందించకండి. ఈ రోజే మీ అబ్బాయి రియాద్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ నెంబరుకు ఓటీపీలు ఆపించి, సౌదీ నెంబరు నమోదు చేయమని అడగాలి. బ్యాంకు పత్రాలు కోరితే, వాటి ధ్రువీకరణకు అక్కడి మన రాయబార కార్యాలయం ఉంది. వాట్సాప్ పాత నెంబరు మీదే ఉందా?

శ్రోత: దాని మీదే ఉంది సార్. మేమంతా దానికే చేస్తాం.

నిపుణుడు: అందులో నెంబరు మార్చుకునే వీలు ఉంది, ఆమె వాట్సాప్ పెట్టుకునేలోపే మార్చేయమనండి. ఖాతా ఇంకా మామూలు సేవింగ్స్‌గానే ఉంటే ఎన్నారో ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవారికి ఇక్కడి బ్యాంకులు ఇచ్చే రూపాయి ఖాతాగా మార్పించండి. విదేశీ నెంబర్లతో ఉన్న అలాంటి ఖాతాలకు యూపీఐ ఇవ్వడానికి 2023 జనవరిలో అనుమతి వచ్చింది, మొదటి పది దేశాల్లోనే సౌదీ ఉంది. ఆధార్‌లో నెంబరు మాత్రం సెలవు మీద వచ్చినప్పుడు ఆధార్ కేంద్రంలో మార్పించండి.

శ్రోత: ఇప్పుడు వాడు డ్యూటీలో ఉంటాడు సార్. సాయంత్రం చెప్పవచ్చా?

నిపుణుడు: సాయంత్రం దాకా ఆగకండి. వాయిస్ మెసేజ్ ఇప్పుడే పెట్టండి, బండి ఆపిన వెంటనే వింటాడు.