డిస్నీయా, యూనివర్సలా?

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు సెలవులకి ఫ్లోరిడా వెళ్దామనుకుంటే ఇంట్లో ముందు తేలాల్సిన పంచాయితీ ఒకటుంటుంది. డిస్నీకా, యూనివర్సల్‌కా? రెండూ సినిమా కంపెనీల పెద్ద వినోద పార్కులే, రెండూ ఆర్లాండో ప్రాంతంలోనే ఉన్నాయి. కారులో బయల్దేరితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎంతో సేపు పట్టదు. కానీ టికెట్ల ధరలు చూస్తే ఇంటిల్లిపాదీ రెండూ చూసి రావడం అందరికీ అయ్యే పని కాదు. దాంతో ఇల్లు రెండు పార్టీలైపోతుంది. మన దగ్గర హీరోల అభిమానులు వాదించుకున్నట్టే అక్కడ పార్కుల అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు.

నిజానికి ఈ పేచీ పార్కులు పుట్టకముందుది. 1927లో వాల్ట్ డిస్నీ అనే పాతికేళ్ల కుర్రాడు ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మతో కార్టూన్లు తీసేవాడు. వాటిని విడుదల చేసింది యూనివర్సల్. కుందేలు జనానికి తెగ నచ్చింది. ఆ ధైర్యంతో మరుసటి ఏడు కాస్త ఎక్కువ డబ్బు అడిగితే, నిర్మాత చార్లెస్ మింట్జ్ ఇచ్చేదే తగ్గిస్తానన్నాడు. అప్పటికే డిస్నీ దగ్గర బొమ్మలు గీసేవాళ్లలో చాలామందిని తనవైపు తిప్పేసుకున్నాడు కూడా. హక్కులేమో యూనివర్సల్‌వి. కుందేలు చేజారింది. ఆ దెబ్బ తిన్నాకే మిక్కీ మౌస్ పుట్టాడు. ఆస్వాల్డ్ మళ్లీ డిస్నీ చేతికి వచ్చింది 2006లో. అదీ ఊరికే రాలేదు. తమ దగ్గర పనిచేస్తున్న అల్ మైకేల్స్ అనే పేరున్న క్రీడా వ్యాఖ్యాతను ఎన్‌బీసీ యూనివర్సల్‌కి వదులుకుని, బదులుగా కుందేల్ని తెచ్చుకున్నారు. దాదాపు ఎనభై ఏళ్లపాటు ఒక బొమ్మను మరిచిపోని పట్టుదల అది. నాకు ఆ పట్టుదల అంటే గౌరవం.

ఇక పార్కుల సంగతి. డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిచారు. అప్పట్నుంచీ ఆర్లాండో వాళ్లదే రాజ్యం. యూనివర్సల్ అక్కడ సినిమా స్టూడియో పార్కు పెట్టాలని చూస్తుండగానే, డిస్నీ అలాంటిదే ఒకటి కట్టి 1989 మేలో ముందుగా తెరిచేసింది. మా ఆలోచన ఎత్తుకుపోయారని యూనివర్సల్ పెద్దలు ఆరోపించారు, డిస్నీ కాదంది. 1990 జూన్ 7న యూనివర్సల్ తలుపులు తెరిస్తే ఆ రోజే పరువు పోయింది. షార్కు, కింగ్‌కాంగ్, భూకంపం అని ఊరించిన మూడు పెద్ద రైడ్లూ మొరాయించాయి. షార్కు రైడ్‌ని తర్వాత మూసి, దాదాపు మొత్తం మళ్లీ కట్టుకుని 1993లో గానీ తెరవలేకపోయారు.

అలాంటి యూనివర్సల్ తల ఎత్తుకున్నది 2010లో, పక్కనే ఉన్న తమ రెండో పార్కులో హ్యారీ పోటర్ లోకం కట్టాక. 2014లో దానికి తోడుగా మొదటి పార్కులో డయాగన్ ఆలీ, అంటే హ్యారీ పోటర్ కథల్లోని మాంత్రికుల బజారు వీధి, వచ్చింది. పోటీ అంటే ఏమిటో తెలియాలంటే ఆ వీధి చూడాలి. బయట నుంచి చూస్తే మామూలు లండన్ వీధి, రైల్వే స్టేషను. లోపల ఏముందో చెప్పే పెద్ద బోర్డేదీ కనబడదు. ఇటుక గోడల మధ్య సందులోకి తిరిగి నాలుగడుగులు వేస్తే ఒరిగిపోయినట్టున్న పాత కొట్లు, చివర్న బ్యాంకు, ఆ బ్యాంకు కప్పు మీద డ్రాగన్. అది ఉన్నట్టుండి నోట్లోంచి నిజం మంట కక్కుతుంది, కింద నిల్చున్నవాళ్ల ముఖాలకి వేడి తగులుతుంది. అక్కడక్కడా నేలలో లోహపు బిళ్లలు పొదిగి ఉంటాయి. మంత్రదండం ఎటు తిప్పాలో ఆ బిళ్ల మీద గీసి ఉంటుంది. చిన్నపిల్ల అలాగే తిప్పితే ఎదురుగా కిటికీలో వస్తువు కదులుతుంది! ఆ పిల్ల మొహం చూసి తీరాలి. అక్కడి నుంచి పక్క పార్కులో ఉన్న హ్యారీ పోటర్ ఊరికి రైలుంది. కాకపోతే అది ఎక్కాలంటే రెండు పార్కుల టికెట్టూ ఉండాలి. వ్యాపారం తెలిసినవాళ్ల పని.

డిస్నీ ఊరుకుంటుందా? 2017లో అవతార్ లోకం, 2019లో స్టార్ వార్స్ లోకం తెచ్చింది. యూనివర్సల్ 2025 మే 22న ఎపిక్ యూనివర్స్ అని ఏకంగా కొత్త పార్కే తెరిచింది. మధ్యలో ఒక విచిత్రం ఉంది. సూపర్‌హీరోల కథలు చేసే మార్వెల్ కంపెనీని 2009లో డిస్నీ కొనేసింది. అయినా ఆర్లాండోలో హల్క్ రైడ్, స్పైడర్‌మ్యాన్ రైడ్ యూనివర్సల్‌లోనే ఉన్నాయి. 1994లో యూనివర్సల్ మార్వెల్‌తో రాసుకున్న ఒప్పందం ఇంకా నడుస్తోంది మరి. అందుకని ఏది ఏ బ్రాండో చూసి పక్షం కట్టడం నాకు అర్థం కాదు. బొమ్మలు చేతులు మారతాయి, ఓనర్లు మారతారు. మనకి నచ్చినదేదో మనం చెప్పుకుంటే చాలు.

నాకు నచ్చినది చెబుతాను. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో పీపుల్ మూవర్ అనే చిన్న రైలుంది, 1975 నాటిది. ఎత్తు పరిమితి లేదు, కుదుపులు లేవు. తలకి పైన కట్టిన దారిలో మెల్లగా తిప్పుతుంది. దూరంగా కోట కనిపిస్తుంది, గాలి తగులుతుంది. మధ్యలో స్పేస్ మౌంటెన్ లోపలికి దూరితే అంతా చీకటి, రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ల కేకలు వినబడతాయి. మీరు మాత్రం హాయిగా కూర్చునే ఉంటారు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారూ మనవడూ పక్కపక్కన కూర్చోగల రైడ్ అది.

ఇలాంటివే పోటీలో ముందుగా పోతున్నాయి, అదే నా బాధ. 2025 జూలైలో మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని రివర్స్ ఆఫ్ అమెరికా మూసేశారు. 1971 నుంచీ ఉన్న కాలువ అది. అందులో ఆవిరి పడవ తిరిగేది. నడవలేనివాళ్లు, నిద్రపోయే పసిపిల్లని ఎత్తుకున్న తల్లులు అందులో కాసేపు సేదదీరేవారు. అక్కడ ఇప్పుడు ‘కార్స్’ అనే కార్టూన్ సినిమా లోకం కడుతున్నారు. కొత్తది బాగుండొచ్చు. కానీ ఈ రెండు కంపెనీలూ ఒకరిని చూసి ఒకరు వేగంలో, ఎత్తులో పోటీ పడినట్టే, నెమ్మదిగా తిరిగే రైడ్లలోనూ పోటీ పడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

టికెట్లు కొనబోయే శ్రోతలకి ఒక మాట. ముందు పిల్లల ఎత్తు కొలవండి. యూనివర్సల్‌లో వెలాసికోస్టర్ అనే రోలర్ కోస్టర్‌కి 51 అంగుళాలు, హల్క్‌కి 54 అంగుళాలు ఉండాలి, అంగుళం తగ్గినా ఎక్కనివ్వరు. ఇంట్లో అందరూ పొడుగువాళ్లే, గుండె ధైర్యం ఉన్నవాళ్లే అయితే యూనివర్సల్‌కి వెళ్లండి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, చంటిపిల్లలున్నా మ్యాజిక్ కింగ్‌డమ్‌కి తీసుకెళ్లండి. ఏ పార్కుకి వెళ్లేదీ ఖాయం చేసే ముందు అమ్మనీ ఒకసారి అడగండి.

సెలవు. నమస్కారం.