కొడితే పెరిగే చీమ

అందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేది దాదాపు రెండు మిల్లీమీటర్ల పొడవుండే ఒక చీమ గురించి. పేరు ఫారో చీమ. శాస్త్రీయ నామం మోనోమోరియం ఫారోనిస్. ఒళ్లంతా పసుపు లేదా లేత గోధుమరంగు, పొట్ట చివర మాత్రం కాస్త ముదురు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే దీన్ని వర్ణించి పేరు పెట్టారు. అంటే శాస్త్రానికి కొత్తదేమీ కాదు. అయినా ఇప్పటికీ దీన్ని వదిలించుకోబోయి పెంచుకుంటున్నవాళ్లే ఎక్కువ. అదెలాగో చెప్పడానికే వచ్చాను.

ఇది ఉష్ణమండలపు జీవి. చలిదేశాల్లో ఆరుబయట శీతాకాలం గట్టెక్కలేదు. కానీ మనుషులు భవనాలను ఏడాది పొడవునా వెచ్చగా ఉంచుకోవడం మొదలుపెట్టారు. సరుకుల్లో దాక్కుని ఊళ్లు దాటిన ఈ చీమకు అక్కడ కావలసిన వాతావరణం దొరికింది. 27 డిగ్రీల వేడి, తగినంత తేమ ఉంటే, గుడ్డు పెరిగి కూలి చీమ, అంటే గూటి పనులు చేసే చీమ, కావడానికి సుమారు 38 రోజులు చాలు. వేడినీటి పైపుల పక్కన, గోడల బోలులో, స్విచ్ బోర్డుల వెనక, మడతపెట్టిన దుప్పట్ల మధ్య, ఎక్కడైనా కాపురం పెడుతుంది. బయట మంచు కురుస్తుంటే లోపల దానికి నడివేసవి.

చీమలు కనబడగానే మనం చేసే మొదటి పని స్ప్రే కొట్టడం. వరసలో ఉన్న చీమలు చస్తాయి, మనకు తృప్తిగా ఉంటుంది. కానీ తిండి కోసం బయటికొచ్చేవి మొత్తం గుంపులో కొద్ది భాగమే. మిగతావి గోడల్లోనే ఉంటాయి. మందు వాసనకు అవి చెదిరిపోతాయి. కొన్ని చీమలు గుడ్లనూ లార్వాలనూ నోట కరుచుకుని ఇంకో చోటికి వెళ్లి కొత్త గూడు పెడతాయి. ఒక గూడున్న చోట నాలుగవుతాయి.

మామూలు చీమల సంగతి వేరు. చాలా జాతుల్లో రెక్కల రాణి ఎగిరి, జతకట్టి, ఒంటరిగా కొత్త గూడు మొదలుపెట్టాలి. దారిలో చచ్చేవే ఎక్కువ. ఫారో చీమకు ఆ బాధ లేదు. ఒక్కో గూట్లో చాలా రాణులుంటాయి, జతకట్టడం గూట్లోనే జరిగిపోతుంది. విడిపోయిన గుంపు వెంట రాణి లేకపోయినా నష్టం లేదు. రాణులు ఉన్నంతకాలం కొత్త రాణులను పెంచని కూలి చీమలు, అవి లేవని తెలియగానే తమ దగ్గరున్న పిల్లల్లోంచే రాణులను తయారుచేసుకుంటాయి. పక్క గూటి చీమలతో పోట్లాట కూడా అరుదే. అందుకని నన్నడిగితే, గూళ్లను వేర్వేరుగా లెక్కపెట్టడం దండగ. భవనం మొత్తాన్నీ ఒకే గూడు అనుకోవాలి.

వంటింట్లో చక్కెర డబ్బాలో దూరితే చిరాకు, అంతే. ఆసుపత్రిలో అలా అనుకోలేం. తడి కోసం, మాంసకృత్తుల కోసం ఇవి గాయాల కట్ల దాకా, సెలైన్ గొట్టాల దాకా వెళతాయి. బ్రిటన్‌లోని ఆసుపత్రుల్లో దొరికిన ఫారో చీమల మీద సూడోమొనాస్, సాల్మొనెల్లా, స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియా ఉన్నట్టు 1972లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మురికి కాలువ దగ్గర తిరిగిన కాళ్లతోనే శుభ్రం చేసిన గదిలోకీ వస్తుంది కదా!

మరి దారేమిటి? ఎర, అంటే మందు కలిపిన తిండి. అది కూడా నిదానంగా పనిచేసే ఎర. బయట తిన్నది చీమ తన పొట్టలోనే దాచుకోదు, గూటికెళ్లి నోటితో నోటికి పంచుతుంది. తిన్న వెంటనే చచ్చిపోతే ఆ పంపకమే జరగదు. మెథోప్రిన్ లాంటి మందులు ఇంకా ఓపిక అడుగుతాయి. అవి కూలి చీమలను చంపవు, రాణి గుడ్లను, పిల్లల ఎదుగుదలను దెబ్బతీస్తాయి. పెద్దవి ముసలివై పోయేదాకా, అంటే వారాల తరబడి, చీమలు కళ్లముందు తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడే ఎవరికో ఒకరికి టెన్షన్ తట్టుకోలేక స్ప్రే డబ్బా చేతిలోకి వస్తుంది. అంతటితో కథ మళ్లీ మొదటికి.

ఎర తాజాగా ఉండాలి, లేకపోతే చీమలు ఆ దారి మానేస్తాయి. ఈ చీమలు దారి పొడవునా రసాయన గుర్తులు పెట్టుకుంటాయి. లాభం లేని దారి మొదట్లో 'ఇటు రావద్దు' అనే గుర్తు కూడా పెడతాయని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో చూపించారు. కళ్లు అంతంతమాత్రమే ఉన్న జీవికి ఎంత తెలివైన ఏర్పాటో! రుచిలో కూడా వీటికి మార్పు కావాలి. కొన్నాళ్లు తీపి, కొన్నాళ్లు మాంసకృత్తులు. రెండు రకాల ఎరలూ దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇంకొక్క మాట, అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లకు. చీమలు కనబడ్డ ఫ్లాట్‌కే మందు పెట్టి ఊరుకోకండి. పైనా, కిందా, పక్కనా ఉన్న ఇళ్లన్నిటిలో ఒకేసారి పెట్టించండి. ఖాళీగా తాళం వేసున్న ఫ్లాట్ల తాళాలు కూడా ముందే తెప్పించుకోండి.