బుడితిలో పోసిన కాళ్ళు
(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, పొద్దున్నే ఈ తలుపులు తీసి రాత్రి తాళం వేసే గ్రంథాలయ సిబ్బందికీ, వెనక వరసల్లో కూర్చున్న స్కూలు పిల్లలకీ నమస్కారం. అందరినీ పేరుపేరునా తలుచుకోవాలని కాగితం మీద రాసుకొచ్చాను. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు. పెద్దలు మన్నిస్తే ఆ కాగితం జేబులోనే ఉంచేస్తాను.

పఠనాసక్తి గురించి మాట్లాడమన్నారు. పదకొండేళ్ళుగా నేను చదివిన చదువంతా వాపిటి అనే ఒక్క పాత విమానం చుట్టూనే తిరిగింది. ఆ విమానానికి నేను చేసిన చిన్న నమూనా రెక్క ఒకటి ఈ బల్ల మీద తువ్వాలు కప్పి పెట్టాను. దాని సంగతే చెప్తాను. పఠనాసక్తి అందులోనే ఉంది.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్పి రిటైరైన వాణ్ణి. ఆకురాయి, వెర్నియర్, బెంచి వైస్, ఇవే నా జీవితం. విమానాల నమూనాలు కట్టడం నలభై దాటాక అబ్బింది. నమూనా అంటే తిరణాల్లో అమ్మే బొమ్మ కాదు. అసలు విమానం కొలతల్ని ఒకే లెక్కలో తగ్గించి చేసే వస్తువు. 1/32 అంటే, అసలుది ముప్ఫై రెండు అడుగులుంటే మన బల్ల మీద ఒక్క అడుగు. విశాఖ బీచ్‌లో టీయూ-142 విమానం చూశారు కదా పిల్లలూ? దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. దాన్ని 1/32లో కడితే మీటరున్నర దాటుతుంది. గుమ్మంలోంచి అడ్డంగా పట్టదు, ఏటవాలుగా తిప్పి తీసుకెళ్ళాలి. మావాళ్ళు పెద్ద స్కేలు అనేది అలాంటి వాటినే. చిన్న వాటిలో రేకుల మీద రివెట్లు ఊహించుకోవాల్సిందే. పెద్ద వాటిలో గోటితో తడిమితే తెలుస్తాయి.

ఇక రెజిన్, అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవం. బజార్లో దొరికే ప్లాస్టిక్ కిట్లు, అంటే విడి ముక్కలుగా వచ్చే నమూనాలు, ఉక్కు అచ్చుల్లోంచి వస్తాయి. ఆ అచ్చు చెక్కించడానికి పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే వేల కిట్లు అమ్ముడుపోవాలి. అందుకే పెద్ద కంపెనీలు అందరికీ తెలిసిన విమానాలే చేస్తాయి. జపాన్ కంపెనీ టామియా 1/32లో 2009లో స్పిట్‌ఫైర్ తెచ్చింది, 2011లో మస్టాంగ్ తెచ్చింది. అద్భుతమైన పనితనం, చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ పేరు రాని విమానం సంగతేమిటి? దానికి రెజినే దిక్కు. ఒకడు ఇంట్లో కూర్చుని మాస్టర్, అంటే అచ్చు తీయడానికి మూలం ముక్క, చెక్కుతాడు. దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తాడు. రెండు ద్రవాలు కలిపి ఆ అచ్చులో పోస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది. రబ్బరు అచ్చు ఇరవై, ముప్ఫై పోతలకి చిరిగిపోతుంది. చిరిగితే చిరగనీ, ఆ ఇరవై ముప్ఫై మంది చాలు. పోలండ్‌లో సిల్వర్ వింగ్స్ అనేవాళ్ళు రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలపు, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండే విమానాల్ని 1/32లో రెజిన్‌తోనే పోస్తున్నారు. అలాంటి పాత విమానాలు ఇవాళ ప్రపంచంలో ఎవరి అద్దాల బీరువాలోనైనా కనబడుతున్నాయంటే అదే కారణం.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. నాకో రెజిన్ కిట్ పార్సిల్లో వచ్చింది. విదేశం నుంచి, ఆరు నెలలు దాచుకున్న డబ్బుతో తెప్పించుకున్నది. దారిలో ఎక్కడో విప్పారు, విప్పినవాళ్ళు మళ్ళీ సర్దలేదు. రెక్క రెండు ముక్కలైంది. చిన్న చిన్న ఊతకడ్డీల సంచి చిరిగి సగమే మిగిలాయి. అడగడానికి వెళ్తే, కౌంటర్ దగ్గర కుర్రాడు పెట్టె మీద బొమ్మ చూసి, "పిల్లల ఆటవస్తువుకి ఇంత ధరా, మాస్టారూ?" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు, నిజంగా ఆశ్చర్యపోయే అన్నాడు. ఆ ప్రశ్నకి నేనింకా జవాబు చెప్తూనే ఉన్నాను. ఈ సభలో మాట్లాడుతున్నదీ అందుకే.

నా విమానం పూర్తి పేరు వెస్ట్‌ల్యాండ్ వాపిటి. ఇంగ్లండులో తయారైంది, 1927లో మొదటిసారి ఎగిరింది. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, ముక్కు దగ్గర తొమ్మిది సిలిండర్ల జూపిటర్ ఇంజిను, ముందు పైలట్, వెనక తుపాకీతో ఇంకొకడు. ఒళ్ళు చాలావరకు గుడ్డే. 1933 ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో మన వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు వాళ్ళ దగ్గరున్నవి నాలుగే విమానాలు. ఆ నాలుగూ వాపిటిలే. పిల్లలూ, ఇది రాసుకోండి. మన దేశపు వైమానిక దళం రెక్క విప్పింది వీటితోనే.

మా నాయనమ్మ ఈ ఊరి కోట దగ్గరే ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖ మీద బాంబులు వేశాక జనం మూటాముల్లె బళ్ళ మీద వేసుకుని ఇటు వచ్చేశారని చెప్పేది. వీధి అరుగుల మీద పడుకున్న వాళ్ళకి తనే గంజి కాచి పోసిందట. చనిపోయే దాకా ఆమెకి ఆకాశంలో మోత వినబడితే గుండె జారిపోయేది. "మనకి ఇమానాలు లేవేటే నాయనమ్మా?" అని అడిగితే, "ఏటో నాయినా, మనకేటి తెల్సు" అనేది. నాకు జవాబు దొరకడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఇలాంటి లైబ్రరీలోనే, అట్ట ఊడిపోయిన పుస్తకంలో దొరికింది. మనకీ ఉన్నాయి. విశాఖలో తీరరక్షణకి ఒక చిన్న దళం ఉండేది. వాళ్ళు నడిపింది ఈ వాపిటిలనే. అప్పటికే కాలం చెల్లిన గుడ్డ విమానాలు, గంటకి 135 మైళ్ళకి అటూ ఇటూ వేగం. వాటితోనే సముద్రం మీదికి కాపలాకి వెళ్ళేవారు. ఆ కుర్రాళ్ళ గుండె ధైర్యం ఎలాంటిదో ఆలోచించండి.

దీని పెద్ద కిట్ కోసం ఏళ్ళ తరబడి వెతికాను. నా చేతికి చిక్కలేదు. ఢిల్లీ వెళ్ళి పాలం మ్యూజియంలో భద్రంగా ఉన్న వాపిటి చుట్టూ రెండు రోజులు తిరిగాను. కాపలా ఆయన రెండో రోజు కుర్చీ తెచ్చి వేశారు. తిరిగొచ్చి నేనే మాస్టర్ మొదలుపెట్టాను. అసలు రెక్క 46 అడుగుల 5 అంగుళాలు. 1/32లో 44 సెంటీమీటర్ల పైన రెండు గీతలు. గుడ్డ కింద పక్కటెముకలు ఎలా కనబడతాయో చూశారా ఎప్పుడైనా? ఎముక దగ్గర గుడ్డ బిగువుగా ఉంటుంది, రెండు ఎముకల మధ్య వెంట్రుకవాసి లోపలికి కుంగుతుంది. ఆ కుంగు ఎక్కువైతే ఆకలికి మాడిన గొడ్డు డొక్కలా ఉంటుంది. తక్కువైతే గుడ్డ అనిపించదు, పలక అనిపిస్తుంది. ఒక్క పై రెక్కకే ఏడు నెలలు పట్టింది. రెక్కల మధ్య బిగింపు తీగలకి భీమిలిలో వలల వాళ్ళ దగ్గర సన్న నైలాన్ దారం తెచ్చుకున్నాను.

మొదటి పోత పోశాను. అనుభవం లేక ఒళ్ళంతా గట్టిగా, లోపల డొల్ల లేకుండా పోసేశాను. అర కిలోకి దగ్గరగా బరువు తేలింది. చక్రాల కాళ్ళు కూడా రెజిన్‌వే. రంగు వేసి, వెండి పూత వేసి, మేడ మీద రేకుల గదిలో పెట్టాను. అది మే నెల. మన రేకుల గది మే నెలలో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? రెజిన్ వేడికి మెత్తబడుతుంది. వంకర పోయిన రెక్కని వేడినీళ్ళలో ముంచి సరిచేసేది ఆ గుణంతోనే. నాలుగో రోజు తలుపు తీస్తే నా వాపిటి పొట్ట ఆనించి కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ పక్కలకి వాలిపోయాయి.

ఒక స్నేహితుడు అన్నాడు, "ఇత్తడివి పోయించు, బుడితి వెళ్ళు" అని. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో సారవకోట మండలం బుడితి వెళ్ళాను. కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు, మీకు తెలుసు. అక్కడ ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, చెంబు మెడ ఆకురాయితో రాస్తున్నారు. నా సంచిలోంచి వంగిపోయిన కాళ్ళు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఇదేమిటని అడగలేదు. ఎందుకని అడగలేదు. ముక్కని వెలుగుకి ఎత్తి పట్టి, బొటనవేలి గోరుతో అంచు గీరి, అక్కడున్న చిన్న బుడగ చూపించి, "పోసినపుడు గాలెటెల్తాది బాబూ దీనికి?" అన్నారు.

నేను నివ్వెరపోయాను. ప్రపంచంలో రెజిన్ పోసే ప్రతివాడినీ రాత్రిళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న అదొక్కటే. అచ్చులోకి ద్రవం దిగుతుంటే లోపలున్న గాలి ఎటు పోవాలి? పోకపోతే బుడగ. బుడగంటే రెక్క అంచున గుంట. కొందరు గాలి పంపు పెట్టి ఆ బుడగల్ని నలిపేస్తారు, కొందరు గాలి లాగేస్తారు. ఆయన మా రెజిన్ ఎప్పుడూ చూడలేదు. ముక్కని చూసి జబ్బు చెప్పేశారు. "కిందనించి ఎక్కాల, మీదకి దారుండాల" అని అచ్చు మట్టి మీద పుల్లతో గీత గీసి చూపించారు. లోహం కిందనుంచి నిండుతూ పైకి రావాలి, గాలి దాని ముందు నడుచుకుంటూ పై దారిన బయటికి పోవాలి. నేను పైనుంచి పోస్తున్నాను. అందుకే ప్రతి కాలి మీదా బుడగ.

ఆ మధ్యాహ్నం అక్కడే అన్నం పెట్టారు. పప్పు, చింతకాయ పచ్చడి. వారం తరవాత వెళ్తే రెండు ఇత్తడి కాళ్ళు సిద్ధంగా ఉన్నాయి. నా వెర్నియర్ పెట్టి కొలిస్తే అర మిల్లీమీటరు తేడా లేదు. ఎంతివ్వాలంటే తూకం వేసి ఇత్తడి డబ్బులు మాత్రం తీసుకున్నారు. "ఇమానం నిలబడ్డాక ఒకపాలి సూపించు" అన్నారు. చూపించాను. మళ్ళీ రెండు మే నెలలు గడిచాయి, నా వాపిటి ఆ కాళ్ళ మీదే నిలబడి ఉంది. ఇంటికొచ్చాక రెక్కల అచ్చు కూడా ఆయన చెప్పినట్టే తిప్పి చేశాను. ఆ తరవాత తీసిన రెక్కే ఇది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణ చేసే చేతులే జానెడు వీణలూ చేస్తాయి. ఆ జానెడు వీణని సన్మానాల్లో మెడలో దండ వేసి చేతికిస్తారు. ఎవరైనా దాన్ని పిల్లల ఆటవస్తువు అన్నారా? అసలు వీణ ఏమిటో తెలిసిన చెయ్యే చిన్న వీణ చేయగలదు. నా వాపిటిదీ అదే దారి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు, చూశాను. రెండు మాటలు. పిల్లలూ, రెజిన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఎమెరీ పేపర్ నీళ్ళలో తడిపే రుద్దండి, మాస్కు తీయకండి. ప్లాస్టిక్ కిట్ల జిగురు దీనికి అంటదు, ఫెవిక్వికో ఎపాక్సీనో వాడాలి. అచ్చులోంచి తీసిన ముక్క మీద నూనెలాంటి పూత ఉంటుంది, గిన్నెలు తోమే సబ్బుతో కడగకపోతే రంగు పెచ్చులూడుతుంది.

రెండోది పెద్దలకి. మీ ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలుంటాయి. యుద్ధకాలంలో విశాఖలోనో ఈ చుట్టుపక్కలో పనిచేసిన తాతలెవరైనా గుడ్డ విమానం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంటే, దయచేసి పారేయకండి. నాకివ్వక్కర్లేదు, మీ ఇంట్లోనే చూడనివ్వండి చాలు. విశాఖ దళం వాపిటి తోక మీద అంకెలు ఎంత పెద్దవో, ఎక్కడ రాశారో నాకు కావాలి. లేత్ నడిపే కుర్రాళ్ళెవరైనా ఉంటే చక్రాలు తిప్పి ఇవ్వండి, నా చెయ్యి ఈమధ్య వణుకుతోంది. ఈ అచ్చు చిరిగేలోపు ఇరవై పోతలు తీయాలని ఉంది. మొదటిది ఈ గ్రంథాలయానికి, రెండోది బుడితికి. మిగతావి ఎవరు కట్టుకుంటానంటే వాళ్ళకి. ఆదివారాలు పొద్దున మా మేడ మీద పోత ఉంటుంది. మే నెలలో మాత్రం ఉండదు.

ఇప్పుడు తువ్వాలు తీస్తున్నాను. ముందు వరస నుంచి ఒకరి చేతిలోంచి ఒకరికి అందించండి. అంచులు పట్టుకోకండి, కింద అరచెయ్యి పెట్టండి. కళ్ళు మూసుకుని బొటనవేలితో అటూ ఇటూ తడమండి, పక్కటెముకలు తగులుతాయి. బాబూ, నీలం చొక్కా, నువ్వు రా ముందు.