థేమ్స్ మీద అమ్మాయిల పడవ పందెం

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల అమ్మాయిలు తొలిసారి పడవ పందేనికి దిగింది 1927లో, ఆక్స్‌ఫర్డ్‌లో, థేమ్స్ నది మీద. పేరుకు పందెమే గానీ, రెండు పడవలూ పక్కపక్కన వెళ్లకూడదు. ఆడపిల్లలు అలా పోటీపడితే మర్యాద కాదన్నారు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లాలి. వేగం చూస్తారు, తెడ్డు వేసే తీరు కూడా చూస్తారు. తీరు ఎవరిది బాగుందో న్యాయనిర్ణేతలు తేల్చుకోలేకపోయారు. చివరికి వేగం మీదే ఆక్స్‌ఫర్డ్ గెలిచింది.

ఆ తర్వాత మధ్యమధ్యలో ఆగుతూ సాగింది. మగవాళ్ల పందెం 1829 నుంచి ఉంది. లండన్‌లో వాళ్లు వెళ్లే దారిలోనే, అదే రోజున, అమ్మాయిలకు చోటు దొరికింది మాత్రం 2015లో. పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా, 6.8 కిలోమీటర్లు. అంతకుముందు హెన్లీలో వాళ్ల పందెం రెండు కిలోమీటర్లే.

నాకు బాగా ఇష్టమైనది ఆ మరుసటి ఏడాది, 2016 పందెం. అక్కడ సముద్రపు పోటు నదిలోకి ఎక్కుతున్నప్పుడే పడవలు వదులుతారు, ఆ ఊపుతో ఎగువకు వెళ్తాయి. పోటుకు ఎదురుగా గాలి లేస్తే నీళ్లు ఎలా ఎగిసిపడతాయో మన తీరప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజు అదే జరిగింది. ఆక్స్‌ఫర్డ్ పడవ ముందుంది. కేంబ్రిడ్జ్ పడవలోకి అల మీద అల. నీళ్లు తోడే పంపులు ఉన్నాయి, అయినా పడవ కుంగిపోతోంది. బార్న్స్ వంతెన దగ్గరికి వచ్చేసరికి తెడ్లు వేసే అమ్మాయిలు నీళ్లలో కూర్చున్నట్టే ఉన్నారు. చూస్తున్నవాళ్లకు టెన్షన్. ఇక ఆపేద్దామని అంపైర్ సిద్ధపడ్డాడు. కాక్స్, అంటే చుక్కాని పట్టిన అమ్మాయి, చెయ్యెత్తింది. ఆగం, వెళ్తాం అని. వెళ్లారు. చివరిదాకా వెళ్లారు. 24 పడవల పొడవు వెనకబడి ఓడిపోయారు, కానీ పందెం పూర్తి చేశారు. ఒకప్పుడు పక్కపక్కన పోటీయే తగదన్న నది అది. ఆగిపోవచ్చు అన్నా ఆగకపోవడం నాకు గెలుపు కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్ గెలిచింది, 18 నిమిషాల 33 సెకన్లలో, కొత్త రికార్డుతో.

ఏటా వసంతంలో ఈ పందెం వస్తుంది. మీరు చూస్తే ఒక్క పని చేయండి. తెడ్ల మీద నుంచి చూపు కాస్త తిప్పి కాక్స్‌ను చూడండి. తెడ్లు వేసే ఎనిమిది మందీ గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. ఎదురుగా ఏముందో చూసేది ఆమె ఒక్కతే. నది మధ్యలో పోటు ఊపు ఎక్కువ, గాలి ముదిరితే అలలూ అక్కడే ఎక్కువ. ఊపు కోసం మధ్యలో ఉండాలా, ఒడ్డు వైపు జరగాలా? ఆమె ఎటు తిప్పుతుందో చూడండి.