ఈ వాక్యం ఎక్కడిది?

వేదిక మీది పెద్దలకు, కోనసీమ కాలేజీల నుంచి వచ్చిన విద్యార్థులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం. ఇతరుల రాతను మనదిగా చూపడం, అంటే గ్రంథచౌర్యం గురించి నాలుగు మాటలు చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక డిగ్రీ విద్యార్థిని కోనసీమ కొబ్బరి సాగు మీద ప్రాజెక్టు రాసి తెచ్చింది. మూడో పేజీలో ‘మన రాష్ట్రంలోని పొల్లాచ్చి ప్రాంతంలో’ అని ఉంది. ‘పొల్లాచ్చి తమిళనాడులో కదమ్మా ఉంది?’ అన్నాను. తల వంచుకుంది. ఎక్కడి నుంచో దించేసిందని అర్థమైంది. కోప్పడాలనిపించలేదు. ‘మీకు తోట ఉందా? కాయల దింపు ఎన్నాళ్లకోసారి?’ అని అడిగాను. ‘45 రోజులకోసారి అండీ’ అంటూ మొదలుపెట్టి దింపు కూలీ, ఒలుపు, నల్లి పురుగు సోకిన కాయకు పడిపోయే ధర, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా ప్రాజెక్టులో లేదు. అవి చదువు కిందికి రావని ఆ అమ్మాయి నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది మేమే.

గ్రంథచౌర్యం అంటే మక్కీకి మక్కీ దించడమే అనుకుంటారు. నాలుగు మాటలు మార్చి రాసినా, ఇంగ్లీషు పేరాను తెలుగు చేసి మూలం చెప్పకపోయినా అదీ చౌర్యమే. భాష మారినంత మాత్రాన ఆలోచన మనది కాదు. ఈ గోదావరి గట్టునే, రాజమహేంద్రవరంలో, 11వ శతాబ్దంలో నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. మూలం వ్యాసుడిదని చెప్పాడు. అంతటితో ఆగలేదు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడైనట్టు తనకు నారాయణభట్టు తోడయ్యాడని పద్యంలోనే రాసుకున్నాడు. దానివల్ల ఆయన ఆదికవి కాకుండా పోలేదు.

పరిశోధన విద్యార్థులు గ్రంథచౌర్యంపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు తప్పక చదవాలి. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే సిద్ధాంత గ్రంథాన్ని సవరించి ఇవ్వాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే సాఫ్ట్‌వేర్ చూపేది పోలికనే. దొంగతనమో కాదో మనిషే చదివి తేల్చాలి.

నోట్సు దగ్గరే జాగ్రత్త పడండి. పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే దాని వాక్యాలే చేతిలోకి వస్తాయి. చదవండి, మూసేయండి, అర్థమైనంత రాయండి, మళ్లీ తెరిచి సరిచూసుకోండి. ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకున్న వాక్యానికి అప్పుడే కొటేషన్ గుర్తులు పెట్టి, పక్కన పుస్తకం పేరు, పేజీ నంబరు వేయండి. లేదంటే నెల తరవాత చూస్తే ఏది మీదో ఏది పుస్తకానిదో మీకే తెలియదు.

అధ్యాపకులకు ఒక మనవి. ‘కాటన్ దొర సేవలు వివరించండి’ అని అడిగితే పిల్లలు ఎక్కడో ఒకచోట నుంచి దించక ఏం చేస్తారు? 1852లో పూర్తయిన, ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి వెయ్యి చోట్ల రాసి ఉంది. ‘ధవళేశ్వరంలో వదిలిన నీరు ఏ కాలువ, ఏ పంట బోదె మీదుగా మీ చేనికి వస్తుంది?’ అని అడగండి. దాని జవాబు గట్టు వెంట నడిస్తేనే దొరుకుతుంది.

ఆ అమ్మాయి ప్రాజెక్టు మళ్లీ రాసింది. పొల్లాచ్చి సంగతి ఉంచింది, ఎక్కడ చదివిందో పేజీతో సహా చూపింది. చివర కృతజ్ఞతల్లో మొదటి పేరు వాళ్ల తోటలో దింపు తీసే మనిషిది, ఆయనతో మాట్లాడిన తేదీతో సహా.