ఆ పాటలో దేశం పేరు లేదు

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం పద్ధతే గానీ, నాకిచ్చింది పది నిమిషాలు. క్షమించండి.

హిందీ గూఢచారి సినిమాల సంగీతం గురించి మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ నా మనసంతా 'రాజీ' దగ్గరే ఉంది. 2018లో మేఘనా గుల్జార్ తీశారు. పాటలు వాళ్ల నాన్నగారు గుల్జార్‌వి, బాణీలు శంకర్–ఎహసాన్–లాయ్‌వి. కాశ్మీరు అమ్మాయి సెహ్‌మత్ పాకిస్తాన్ సైనికాధికారి ఇంటికి కోడలిగా వెళ్లి, 1971 యుద్ధం ముందు మనకు కబుర్లు పంపుతుంది. విశాఖలో ఉన్న మనకి ఆ కథ పరాయిది కాదు. మన విక్రాంత్ నౌక కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబరులో మునిగింది మన తీరంలోనే కదా! అప్పగింతల పాటలో కాశ్మీరీ మాటలుంటాయి, దాని గురించీ చెప్పాలి. టైముంటే చెప్తాను.

సెహ్‌మత్ అక్కడి బడిలో పిల్లలకు 'ఐ వతన్', అంటే 'ఓ దేశమా' అనే పాట నేర్పుతుంది. పిల్లలు పాడేది వాళ్ల దేశం కోసం. పక్కన నిలబడి ఆమె తలచుకునేది మన దేశాన్ని. అవే మాటలు, అదే బాణీ. పాట మొత్తం వెతకండి, ఏ దేశం పేరూ ఉండదు. గుల్జార్ పుట్టిన దీనా ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. అలాంటాయన రాసిన పాట అది.

సునిధి చౌహాన్ పాడిన దాంట్లో ఉర్దూ కవి ఇక్బాల్ రాసిన రెండు పంక్తులు కూడా ఉన్నాయి. పిల్లల కోసం 1902లో రాసిన ప్రార్థన. నా బతుకు దీపంలా వెలగాలి అని అడుగుతుంది. పోయినేడు ఆగస్టు 15కి ఒక స్కూల్లో నేర్పాను. ఎనిమిదో తరగతి పాప ఒకతి అందులో ప్రార్థన అనే అర్థమున్న 'దుఆ'ని 'దువా' అనకుండా పలకడానికి వారం కష్టపడింది. రిహార్సల్ రోజు నా కాగితం తిరిగొచ్చింది. ఇక్బాల్ రాసిన ఆ రెండు పంక్తుల మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. 'ఇది పాకిస్తాన్ వాళ్ల ప్రార్థన, తీసేయండి మాస్టారూ' అన్నారు స్కూలు వాళ్లు. 1902లో పాకిస్తాన్ ఎక్కడుందండీ? అదే కార్యక్రమంలో 'సారే జహాఁ సే అచ్ఛా' ఉంది. అదీ ఇక్బాల్ రాసిందే! దాని మీద గీత పడలేదు.

నేను గట్టిగా చెప్పలేకపోయాను. పిల్లలు మిగతా పాట పాడారు. ఆ పాప మాత్రం పాట మొదలయ్యే ముందు, కొట్టేసిన పంక్తులు పెదవులతోనే అనుకుంది. నేను పక్కనే ఉండి చూశాను.

మీలో టీచర్లున్నారు, పిల్లల తల్లిదండ్రులున్నారు. ఈ ఆగస్టుకి ఆ పంక్తులు తీసేయమంటే ఒప్పుకోకండి. మీకు దణ్ణం పెడతాను, ఒప్పుకోకండి.

పాప ఇవాళ ఇక్కడికి వచ్చింది. రెండో వరసలో ఉంది. రామ్మా. హార్మోనియం బాబూ, ఐదు శ్రుతి పెట్టండి. మొదటి నుంచి పాడుతుంది.