తలుపు తీయాలి, ఓ కన్నేసి ఉంచాలి

సుజాత: యూదుల్లో అతిథిని ఆదరించడాన్ని ‘హఖ్నాసత్ ఓర్ఖిమ్’ అంటారు. దైవసన్నిధిని స్వాగతించడం కన్నా అది గొప్పదని యూదుల ధర్మగ్రంథం తాల్మూద్ చెబుతుంది. మరి వచ్చినవాడి వల్ల ప్రాణం మీదికొస్తే?

మురళి: అమెరికాలో, టెక్సాస్‌లోని కాలీవిల్‌లో ఉన్న యూదుల ప్రార్థనా మందిరంలో 2022 జనవరి 15న అదే జరిగింది కదండీ. శనివారం ఉదయం ప్రార్థనకు ముందు తలుపు తట్టిన అపరిచితుణ్ణి రబ్బీ (యూదు మతగురువు) చార్లీ సైట్రన్-వాకర్ లోపలికి పిలిచి, టీ పెట్టిచ్చారు. తర్వాత జెరూసలేం వైపు తిరిగి ప్రార్థిస్తుంటే వెనక ‘క్లిక్’మని చప్పుడు. తుపాకీ!

సుజాత: నలుగురు బందీలయ్యారు. ఒకరిని మధ్యలో వదిలేశాడు.

మురళి: దాదాపు 11 గంటల తర్వాత, అదను చూసి రబ్బీ వాడి మీదికి కుర్చీ విసిరారు. ముగ్గురూ బయటికి పరుగెత్తారు. అంతకుముందు తీసుకున్న భద్రతా శిక్షణే కాపాడిందని ఆయనే చెప్పారు.

సుజాత: అసలు లోపలికి రానివ్వడమే తప్పన్నవాళ్ళూ ఉన్నారు.

మురళి: నేను ఒప్పుకోను. గౌరవించు, అనుమానించు అన్న మాట యూదు సంప్రదాయంలో ఎప్పటినుంచో ఉంది. రబ్బీ యెహోషువ ఒకడికి కడుపునిండా పెట్టి, మేడ మీద పడుకోబెట్టి, నిచ్చెన తీసేశారట. వాడు అర్ధరాత్రి సామాన్లు మూటగట్టుకుని దిగబోయి కిందపడ్డాడు. అన్నం తగ్గించలేదు, జాగ్రత్తా మానలేదు. నాకు ఆ నిచ్చెనే ముఖ్యం.

సుజాత: ఇప్పుడు ఆ నిచ్చెన పని ఏది చేస్తుంది?

మురళి: తాళం వేసిన తలుపు, దాని దగ్గర ఇద్దరు మనుషులు. 2019లో జర్మనీలోని హాలెలో తుపాకీతో దాడికి వచ్చినవాడి ముందు ప్రార్థనా మందిరం తలుపు గట్టిగా నిలబడింది కాబట్టే లోపలివాళ్ళు బతికారు. చూశాకే తీయాలి. నవ్వుతూ పలకరించి పేరు, ఎక్కడినుంచి, ఎలా తెలిసిందీ అడగాలి. లోపలినుంచి మాత్రం తాళంచెవి లేకుండానే తెరుచుకోవాలి. అందరూ నిలబడి ప్రార్థించే వేళ ఒక్కరైనా తలుపు వైపు చూస్తుండాలి.

సుజాత: సబ్బాతు రోజున, అంటే శనివారపు విశ్రాంతి దినాన, నియమం పాటించేవాళ్ళు ఫోన్ ముట్టరు కదా?

మురళి: ప్రాణాపాయమైతే ముట్టాలి, ధర్మశాస్త్రమే అంటుంది. ఎవరు ఫోన్ చేయాలో ముందే అనుకోవాలి. ఇక బాగా చెడేది ఎక్కడంటే, నల్లగా కనిపించినవాళ్ళనే ఆపి ప్రశ్నించడం. వాళ్ళలో యూదులూ ఉంటారు, ఒకసారి నొచ్చుకుంటే మళ్ళీ రారు. అందుకే అవే ప్రశ్నలు ప్రతి కొత్తవాళ్ళనీ అడగండి, అడిగాక దగ్గరుండి కూర్చోబెట్టి ప్రార్థన పుస్తకం చేతికివ్వండి.